ఇదేనా మీ నొప్పి?

నాలుగేళ్ల క్రితం ఒక ఫిబ్రవరి ఉదయం, డిగ్రీ మూడో సంవత్సరం పిల్లలకు పాఠం చెబుతుండగా నా దవడ పట్టేసింది. మాట మధ్యలో నోరు సగం తెరుచుకుని ఆగిపోయింది. ముందు బెంచీలో అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది. నేను బోర్డు వైపు తిరిగి, ఏదో రాస్తున్నట్టు నటిస్తూ చెంప మీద అరచేయి పెట్టి నొక్కుకున్నాను. చెవి పక్కన టక్కుమని చప్పుడైంది. నోరు కదిలింది. పాఠం పూర్తి చేసి స్టాఫ్ రూముకి వచ్చాక చూసుకుంటే చేతులు వణుకుతున్నాయి.

కష్టాన్ని ‘పంటి బిగువున’ భరించింది అని మనం మెచ్చుకోలుగా అంటాం. చాలాసార్లు ఆ మెచ్చుకోలు దక్కేది ఆడవాళ్లకే. ఆ బిగువు ఏ కీలు మీద పడుతుందో నేను అప్పటిదాకా ఆలోచించలేదు.

మీ చెవి రంధ్రానికి సరిగ్గా ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. తలుపు బందులాగా తిరగడమే కాదు, నోరు పెద్దగా తెరిచినప్పుడు ముందుకు జారుతుంది కూడా. కింది దవడ ఎముకకీ కణత ఎముకకీ మధ్య ఒక మెత్తటి బిళ్ల ఉంటుంది. రెండు పక్కలా ఉన్న రెండు కీళ్లూ ఒకే ఎముకకి చెందినవి కాబట్టి ఒకదాన్ని వదిలి ఇంకొకటి పనిచేయలేదు. నమలడం, మాట్లాడటం, ఆవులించడం, పాడటం, నవ్వడం అన్నీ దాని మీదే. పాతికేళ్లుగా మాట్లాడి బతుకుతున్న దాన్ని నేను. నా జీతం ఆ కీలు మీదే వస్తోందన్నా తప్పులేదు.

ఆ ఏడాది నలుగురు డాక్టర్లని చూశాను. చెవి డాక్టరు చెవి శుభ్రంగా ఉందన్నాడు. పళ్ల డాక్టరు ఎక్స్‌రే తీయించి పళ్లు బాగానే ఉన్నాయన్నాడు. మూడో ఆయన పెద్ద ఫిజీషియన్. “వయసెంతమ్మా?” అనడిగాడు. నలభై ఎనిమిది అన్నాను. “ఈ వయసులో ఇవన్నీ మామూలే, టెన్షన్ తగ్గించుకోండి” అని నాకు చెప్పి, చీటీ మాత్రం నా పక్కన కూర్చున్న నా సహచరుడి చేతికిచ్చాడు. “మేడమ్ కొంచెం సెన్సిటివ్ అనుకుంటా” అని ఆయనతోనే అన్నాడు. ఆ మాట నా నొప్పి గురించా, నా గురించా అని ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

నాలుగో డాక్టరు పళ్ల డాక్టరే. నేను చెప్పిందంతా విని, “మీ నొప్పి నిజమే మేడమ్” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మీ పై పళ్లకీ కింది పళ్లకీ పొంతన కుదరడం లేదు, అందుకే దవడ పక్కకి జరుగుతోంది, వెనక పళ్లు అరగదీసి తొడుగులు వేస్తే సరిపోతుంది అన్నాడు. నలుగురిలో నన్ను నమ్మింది ఆయన ఒక్కడే. అందుకని నేనూ ఆయన్ని నమ్మాను. మొదటి విడతగా నాలుగు పళ్లు అరగదీయించుకున్నాను. మూడు వారాలు నొప్పి తెలియలేదు. నాలుగో వారంలో మళ్లీ వచ్చింది. అరగదీసిన పంటి పింగాణీ మాత్రం మళ్లీ రాదు.

ఈ వ్యాసం ఆ డాక్టరు మీద ఫిర్యాదు కాదు. నన్ను తొలుస్తున్న ప్రశ్న వేరే. ‘నన్ను నమ్మండి’ అని అడిగినప్పుడు నేను నిజంగా అడిగిందేమిటి? నమ్మినవాడే నాకు నష్టం చేశాడంటే, ఆ నమ్మకంలో లోపించింది ఏమిటి?

ఎలైన్ స్కారీ 1985లో వచ్చిన ‘ది బాడీ ఇన్ పెయిన్’లో నొప్పి గురించి చేసిన వాదన మనలో చాలామందికి తెలిసిందే. నొప్పి పడుతున్న మనిషికి అంతకన్నా ఖాయమైన విషయం ఇంకోటి ఉండదు, వినే మనిషికి అంతకన్నా అనుమానించదగ్గది ఇంకోటి ఉండదు అని ఆమె వాదన సారాంశం. స్త్రీవాదులుగా మనం పోరాడింది కూడా ఈ ఖాయానికీ అనుమానానికీ మధ్య ఉన్న సందులోనే. 1978లో హైదరాబాదులో రమీజాబీ ఉదంతం నుంచీ మనం అడుగుతూ వచ్చింది, ఆడమనిషి మాటని సాక్ష్యంగా తీసుకోండి అనే. కోర్టు గదిలో అడిగిన ఆ మాటనే డాక్టరు గదిలోనూ అడగాల్సి వస్తుందని నాకు ఆలస్యంగా అర్థమైంది. నొప్పి తగ్గని రాత్రుళ్లు ఈ జబ్బు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదువుతున్నకొద్దీ అది వైద్యచరిత్రలా కాక, ఎవరి మాటకి ఎంత విలువ అన్న వాదోపవాదాల చరిత్రలా కనిపించింది.

1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు 11 మంది రోగుల గురించి ఒక వ్యాసం రాశాడు. వెనక పళ్లు ఊడిపోవడం వల్ల దవడ మరీ ఎక్కువగా మూసుకుని నరాలను నొక్కుతోందనీ, చెవి నొప్పీ తలనొప్పీ అందువల్లేననీ అన్నాడు. నరాలు నొక్కుకుపోతాయన్న మాట ఆ కీలు నిర్మాణానికి సరిపోదని తర్వాతివాళ్లు చూపించారు. అయినా తప్పు పళ్ల పొంతనలో ఉందన్న ఊహ మాత్రం దశాబ్దాల పాటు బతికింది. ఆ ఊహ పేరుతో ఎన్నో నోళ్లలో పళ్లు అరిగాయి. దాని చివరి అంచు నా నోటిదాకా వచ్చింది.

1976లో షికాగోలో గుడ్‌మన్, గ్రీన్, లాస్కిన్ అనే ముగ్గురు ఒక పరీక్ష చేశారు. 25 మంది రోగులకు పళ్లు అరగదీసి సరిచేస్తున్నట్టు నటించారు, నిజానికి పొంతన ఏమీ మార్చలేదు. వాళ్లలో 16 మంది నొప్పి పూర్తిగానో దాదాపు పూర్తిగానో పోయిందన్నారు. నా మూడు వారాల ఉపశమనం ఎక్కడిదో ఇది చదివాక అర్థమైంది. ఈ ఫలితాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. అరగదీయడం అనవసరం అన్నది ఒక పాఠం. వీళ్ల నొప్పి ఉత్తదే అన్నది ఇంకోటి. మొదటి పాఠాన్ని చాలామంది పళ్ల డాక్టర్లు పట్టించుకోలేదు. రెండోది మాత్రం తేలిగ్గా వ్యాపించింది. పళ్లలో దొరకని తప్పుని మనిషి స్వభావంలో వెతకడం మొదలైంది. ఆ మనిషి ఎక్కువగా ఆడమనిషి కావడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

1983లో హ్యూస్టన్‌కి చెందిన వైటెక్ అనే కంపెనీ, కీలులోని సహజమైన బిళ్ల తీసేసి దాని బదులు పెట్టడానికి ప్రోప్లాస్ట్, టెఫ్లాన్‌లతో చేసిన ఇంప్లాంటును అమ్మకానికి తెచ్చింది. అంతకుముందున్న పరికరాల్లాంటిదే ఇదీ అని చూపిస్తే చాలు, మనుషుల మీద విడిగా పరీక్షలు అక్కర్లేదన్న దారిలో దానికి అనుమతి వచ్చింది. వేల మందికి పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. నమిలే ఒత్తిడికి ఆ పదార్థం రేణువులుగా రాలింది. ఆ రేణువుల మీద శరీరం చేసిన దాడిలో పక్కనున్న ఎముక కూడా కరిగిపోయింది. కొందరికి ఆ నష్టం కపాలం ఎముకదాకా పోయింది. నొప్పి ఎక్కువైందని చెబితే మొదట్లో వాళ్లనీ సరిగ్గా నమ్మలేదు. 1990లో కంపెనీ దివాలా తీసింది. ఆ డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. అలాంటి ఇంప్లాంట్లు పెట్టించుకున్న టెర్రీ కౌలీ 1986లోనే మిల్వాకీలో ఇంకొకరితో కలిసి దవడ కీలు రోగుల సంఘం ఒకటి ప్రారంభించింది. రోగులు తమ మాటను తామే సాక్ష్యంగా పోగేసుకోవాల్సి వచ్చింది.

ఆ స్త్రీల గురించి చదువుతుంటే నా నాలుగో డాక్టరు గుర్తొచ్చాడు. వాళ్లని కూడా ముందు చాలామంది నమ్మకపోయి ఉంటారు. ఆ తర్వాత ఒక సర్జను నమ్మి ఉంటాడు. ‘నీ నొప్పి నిజం, కోద్దాం’ అన్నవాడు ఏళ్లతరబడి ఎవరూ విననివాళ్లకి దేవుడిలా కనిపించి ఉంటాడు. ‘నీకేం లేదు’ అనడమూ, ‘వెంటనే కోద్దాం’ అనడమూ మనకి ఎదురెదురు మాటల్లా వినిపిస్తాయి. రెండూ ఒకే తొందరలోంచి వస్తాయని ఇప్పుడు అనుకుంటున్నాను. ఇద్దరూ మనిషి చెప్పేది చివరిదాకా వినరు. ఒకరు మాటని కొట్టేస్తారు, ఇంకొకరు ఆ మాటని సంతకం చేసిన అనుమతి పత్రంగా తీసుకుంటారు.

ఇది మనకి తెలియని సంగతేం కాదు. నడుం నొప్పి అనో తెల్లబట్ట అనో ఆస్పత్రికి వెళ్లిన మన పల్లె ఆడవాళ్లకి జరిగింది ఇదే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ ఈ రెండు రాష్ట్రాల్లోనే. ఇంట్లో ఎవరూ పట్టించుకోని నొప్పిని ఆస్పత్రి ‘పట్టించుకున్న’ తీరు అది. ‘సవాలక్ష సందేహాలు’ చదివి పెరిగిన తరం మాది. డాక్టరుని ప్రశ్నలు అడగాలని ఆ పుస్తకం నేర్పింది. నేనే ఇతరులకి పాఠాలు చెప్పాను కూడా. అయినా నన్ను నమ్మిన డాక్టరుని నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నమ్మినందుకు కృతజ్ఞతగా నా పళ్లు ఇచ్చేశాను.

ఆ తర్వాత పరిశోధన ఎటు మళ్లిందో చూస్తే కొంత ఊరట కలిగింది. 1992లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు శామ్యూల్ డ్వార్కిన్, లిండా లెరెష్ ఈ జబ్బు నిర్ధారణకు రెండు వరసల పద్ధతి తెచ్చారు. ఒక వరస కీలూ కండరాల గురించి, రెండోది ఆ నొప్పి మనిషి జీవితాన్ని ఎంత కుంగదీసిందో దాని గురించి. 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన సమావేశం, వెనక్కి తీసుకోగలిగిన చికిత్సలతోనే మొదలుపెట్టాలంది. 2014లో నిర్ధారణ సూత్రాలను సవరించారు. వాటి ప్రకారం పరీక్షించే మనిషి చెంప కండరం మీదా కణత మీదా సుమారు ఒక కిలో ఒత్తిడితో నొక్కి, నొప్పి ఉందా అని అడిగి ఆగకూడదు. ఇది మీకు తెలిసిన నొప్పేనా, ఈమధ్య మిమ్మల్ని బాధపెడుతున్నది ఇదేనా అని కూడా అడగాలి. అవును అని రోగి అంటేనే నిర్ధారణ.

ఈ చిన్న ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇందులో రోగి మాట దయతో ఒప్పుకున్న మాట కాదు, నిర్ధారణలో అదొక భాగం. అలాగని ఎవరేం చెబితే అదే రాసుకోవడమూ కాదు. నొక్కే వేలు ఒకరిది, గుర్తుపట్టే జ్ఞాపకం ఇంకొకరిది. రెండూ కలిస్తేనే నిజం తేలుతుంది. ఎమ్మారై తీస్తే సరిపోదా అని అడగొచ్చు. నొప్పేమీ లేని మనుషులకు ఎమ్మారై తీస్తే వాళ్లలో దాదాపు మూడోవంతు మందిలో ఆ మెత్తటి బిళ్ల పక్కకి జరిగి కనిపించింది. బొమ్మలో తేడా ఉండి నొప్పి లేనివాళ్లున్నారు, నొప్పి ఉండి బొమ్మలో ఏమీ కనిపించనివాళ్లూ ఉన్నారు. కంటికి కనిపించేదే సాక్ష్యం అనుకునేవాళ్లకి ఈ కీలు మంచి గుణపాఠం.

నన్ను ఇంకా కదిలించిన ఫలితం ఒకటుంది. ఈ నొప్పితో క్లినిక్కులకు వచ్చేవాళ్లలో స్త్రీలే ఎక్కువ అని ఎప్పటినుంచో తెలుసు. అమెరికాలో ఓపెరా అనే పెద్ద అధ్యయనం, నొప్పి లేనివాళ్లు 2,700 మందికి పైగా ఏళ్లతరబడి వెంబడించి, ఎవరికి కొత్తగా మొదలవుతుందో చూసింది. 2013లో ఫలితాలు వచ్చాయి. ఏడాదికి నూటికి దాదాపు నలుగురికి కొత్తగా మొదలైంది. అలా మొదలవడంలో స్త్రీ పురుషుల మధ్య తేడా కొంచెమే. ఏళ్లతరబడి నిలిచిపోయిన నొప్పి ఉన్నవాళ్లని చూస్తే మాత్రం స్త్రీలు చాలా ఎక్కువ. అంటే నొప్పి ఇద్దరికీ దాదాపు ఒకేలా వస్తుంది, ఆడవాళ్ల దగ్గర ఉండిపోతుంది. హార్మోన్లు, నిద్ర, ఒంట్లోని ఇతర నొప్పులు, జీవితం మోపే బరువు అన్నీ ఇందులో కలగలిసి ఉన్నాయి. పుట్టుకతో ఆడవాళ్లు సున్నితం అన్న ఒక్క మాటతో దీన్ని ముగించడం మాత్రం ఇక కుదరదు.

ఇక్కడ నా స్త్రీవాదానికే ఒక చిక్కు వచ్చింది. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ దీర్ఘకాలిక నొప్పి చికిత్సకు మార్గదర్శకాలు వచ్చాయి. కీలుని చేత్తో కదిలించే చికిత్స, దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, ఇంటి దగ్గర సాగదీతలు, జబ్బు గురించి వివరంగా చెప్పి ధైర్యమివ్వడం వంటివాటిని అవి గట్టిగా సమర్థించాయి. పళ్ల పొంతనని శాశ్వతంగా మార్చే తొడుగులనూ, కీలులోని బిళ్లను కోసి తీసేయడాన్నీ గట్టిగా వద్దన్నాయి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ సమర్థించిన చికిత్సల్లో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ కూడా ఉంది. చదవగానే ఒళ్లు మండింది. ‘టెన్షన్ తగ్గించుకోండి’ అన్న ఫిజీషియన్ చెప్పిందే నిజమా చివరికి?

ఆ కోపంతోనే హైదరాబాదులో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లాను. ముప్పై ఏళ్లు కూడా ఉండని అమ్మాయి. స్కేలు పెట్టి నా నోరు ఎంత తెరుచుకుంటోందో కొలిచింది. 28 మిల్లీమీటర్లు. చెంప మీద ఒక్కొక్కచోట నొక్కుతూ, “మేడమ్, ఇదేనా మీకు తెలిసిన నొప్పి?” అని అడిగింది. ఒకచోట అవునన్నాను, రెండుచోట్ల కాదన్నాను. కాదు అన్నప్పుడు కూడా రాసుకుంది. ఆ తర్వాతే నిద్ర గురించీ, ఇంట్లో ఎవరెవరుంటారన్న దాని గురించీ, పగలు పళ్లు బిగించి ఉంచుతానా అన్న దాని గురించీ అడిగింది. ఫిజీషియన్ అన్న ‘టెన్షన్’కీ ఈ ప్రశ్నలకీ తేడా ఏమిటని బస్సులో వస్తూ ఆలోచించాను. ఆయన నా జీవితాన్ని నా నొప్పికి బదులుగా వాడాడు. ఈ అమ్మాయి నా నొప్పిని గుర్తించాక, దానికి తోడుగా నా జీవితం గురించి అడిగింది. ఒకే ప్రశ్న, పరీక్ష చేయకముందు అడిగితే తోసిపుచ్చడమవుతుంది, చేశాక అడిగితే వినడమవుతుంది. శరీరమా మనసా ఏదో ఒకటి తేల్చమని నేను పట్టుబట్టడంలో, మనసుది అయితే నిజం కాదు అన్న వాళ్ల కొలమానాన్నే నేనూ ఒప్పుకున్నట్టయింది.

ఎనిమిది నెలలు వ్యాయామాలు చేశాను. ఇప్పుడు నోరు 41 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. నొప్పి పూర్తిగా పోలేదు. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో వస్తుంది. వచ్చినప్పుడు గుర్తుపడతాను.

ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కానీ నమ్మడం గురించి ఇంత రాసిన దాన్ని ఒక విషయం దాచలేను.

మా అమ్మ దాదాపు పదిహేనేళ్లు గట్టిది ఏదీ తినలేదు. అన్నం మెత్తగా పిసికి, చారు పోసుకుని తినేది. జంతికలు, చెరుకు, జామకాయ ముట్టేది కాదు. భోజనాల దగ్గర చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చునేది. “దవడ పట్టేసిందే” అనేది అప్పుడప్పుడూ. అది నాన్న మీద అలక అనుకునేవాళ్లం. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో స్త్రీల మౌనం గురించి సెమినార్ పేపరు రాశాను. సెలవలకు ఇంటికి వచ్చి, “ఎప్పుడూ ఆ ముఖమేంటమ్మా, ఏదో పోయినట్టు” అన్నాను. ఈ రెండూ ఒకే ఏడాది. మా అమ్మ మౌనంగా లేదు. చెబుతూనే ఉంది. నేను సిద్ధాంతంలో వెతికిన మాట అన్నం కంచం దగ్గర వినిపిస్తే గుర్తుపట్టలేదు.

డాక్టరుకి చదువూ అధికారమూ ఉన్నాయి, నాకేం ఉన్నాయి అని నన్ను నేను సమర్థించుకోవచ్చు. కానీ నొప్పి ముందుగా చేరేది డాక్టరు దగ్గరకి కాదు. కూతురి దగ్గరకి, భర్త దగ్గరకి, తోటి టీచరు దగ్గరకి. నమ్మాలా వద్దా అన్న మొదటి తీర్పు ఇచ్చేది మనమే. ఆ తీర్పుని దాటిన నొప్పే ఆస్పత్రి గడప దాకా వస్తుంది. నమ్మడమంటే వెంటనే ఏదో చేసేయడం కాదని నా పళ్లు నాకు నేర్పాయి. మా అమ్మకి సర్జను అక్కర్లేదు. ఏ పక్కన నొప్పి, ఎప్పుడు వస్తుంది అని ఒక్కరు అడిగి ఉంటే చాలు. ఆ తర్వాత ఏం చేయాలో ఆమే చెప్పి ఉండేది.

మా అమ్మకిప్పుడు 78 ఏళ్లు. పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు, పక్కన కూర్చుని, ఆ అమ్మాయి నాకు చేసినట్టే, ఆమె చెంప మీద రెండు వేళ్లు పెట్టి నెమ్మదిగా నొక్కాను.

“ఇక్కడేనా అమ్మా, నీకు అప్పుడు వచ్చే నొప్పి?”

అమ్మ నా వేళ్ల కింద ఒకసారి నోరు తెరిచి మూసింది.

“ఇప్పుడడిగితే ఏం చెప్పనే? అది పోయి పదేళ్లవుతోంది” అంది. కాసేపాగి, “పోయిందని కూడా ఎవరికీ చెప్పలేదు. ఉందంటేనే ఎవరూ వినలేదుగా” అంది.

పళ్లెంలోంచి ఒక జంతిక తీసి, విరిచి, సగం నాకిచ్చింది.